నడుమెత్తు బోర్డు

చండూరు నుంచి మర్రిగూడ పోయే తొవ్వల
ఇస్తారి మామ రేకుల షెడ్డు.
ముందుగాల అది ట్రాక్టరు నిలబెట్టే జాగ.
ట్రాక్టరును ఫైనాన్సోళ్లు తోల్కపోయినంక
రెండు లూనాలు, ఒక టీవీఎస్సు, నాలుగు మందుకొట్టే పంపులు
అండ్ల ఒరిగి నిలబడ్డయి,
మమ్ముల బాగుచేస్తవా చెయ్యవా అన్నట్టు.

ఎడమ మోకాలు వంగదు, కుడి మోచెయ్యి సాగదు.
బోరునీళ్లు తాగి పెరిగిన బొక్కలు
ఎవరి మాటా ఇనవు.
పీట మీద కూసుంటే
కార్బురేటరు ఇప్పి, కండ్లు మూసుకొని బిగిస్తడు.
పొద్దుమీకి బుగ్గెయ్యాల్నంటే మాత్రం
చీపురుకట్టె ఎతుకుతడు.
బోర్డేమో నాలుగున్నర ఫీట్ల మీద.
రోజూ పొడిచి పొడిచి
మూడో స్విచ్చు పక్కపొంటి గోడ
గుంటపడ్డది.

నల్లగొండ ఐటీఐల రెండేండ్లు చదివిన నేను,
ఫోనుతోని ఎలిగే స్విచ్చు తెప్పించిన
ఏడు వందలు పెట్టి.
డబ్బ పారెయ్యనియ్యలే మామ,
నట్లు ఏసుకోనీకి పనికొస్తదట.

బోర్డిప్పి చూస్తే
ఫేజున్నది, బుగ్గకు పోయే తీగున్నది,
న్యూట్రల్ లేదు.
అప్పట్ల తీగ మిగిలిచ్చిండ్రు,
మీది నుంచి మీదనే హోల్డరుకు ఇచ్చి
చేతులు దులుపుకున్నరు.
కొత్తదానికి అది లేకుంటే పానం నిలువది.
"బుగ్గ పండుకున్నా ఇది మేల్కొనే ఉండాలె మామా,
ఎవరు పిలుస్తరో అని చెవులు నిక్కబెట్టి."
"కుక్క లెక్కనా?"
"అట్లనే."

నిచ్చెనేసి రేకుల కిందికెక్కిన.
పగటి ఎండకు కాలిన రేకు ఈపుకు తాకి
అబ్బా అంటే
కింద మామ నిచ్చెన కాళ్లను
సాగని చెయ్యితోనే అదిమి పట్టిండు.
నల్లతీగ ఆరు మీటర్లు
పైపుల గుచ్చి దింపిన.

ఇగ దాన్ని పిలువుడు.
"బుగ్గెయ్యి" అన్నడు మామ.
"క్షమించండి, నాకు అర్థం కాలేదు" అన్నది ఫోన్ల ఆమె.
"ఏ ఊరి పిల్లనో పాపం."
నేను పేరు మార్చిన. లైటు కొట్టేసి, బుగ్గ అని రాసిన.
మూడుసార్లు పిలిస్తే ఒక్కసారి పలికింది.
నాలుగోనాడు నెట్టు అయిపోయింది,
చీపురుకట్టె మూలకెల్లి మల్ల లేచింది.

ఆ రాత్రి మెయిన్ బందు పెట్టి
స్విచ్చును బోర్లేసి చూసిన.
ఎనక రెండు సన్న బొక్కలు,
బయటి బటను కోసం కంపెనోడు ఇడిసిపెట్టినయి.
కాలింగుబెల్లు బటనొకటి తెచ్చి
పీట పక్క చెక్కకు బిగిచ్చిన,
ఆయన మోచెయ్యి ఏడ ఆగుతదో సరిగ్గ ఆడ.
సాగని చెయ్యే సరిపోయింది.
ఒత్తిండు, ఎలిగింది. ఒత్తిండు, ఆరింది.
పదిసార్లు చేసిండు.
ఎదురింటి కిరాణా బాలమణి ఉరికొచ్చింది
షెడ్డుల వైర్లు మండుతున్నయనుకొని.

ఆమె పోయినంక
మామ బీడీ ముట్టిచ్చి అడిగిండు:
"గింత తిప్పలెందుకే?
బోర్డునే కిందికి దింపకపోతివా?"

నాకు నోట మాట రాలే.
ఐటీఐ పుస్తకంల బోర్డు ఎత్తు రాసున్నది,
పరీక్షల వస్తే మార్కులు గూడ పడ్డయి.
ఎవరి భుజం కొలిచి రాసిండ్రో
నేను అడగలే,
ముప్పయ్యేండ్లు చీపురుతోని పొడిచినాయన
ఎవరినీ అడగలే.

తెల్లారి ఉలి పట్టుకొని గోడ తొలిచిన.
ఇప్పుడు నడుమెత్తుల ఉన్నది బోర్డు,
ఫ్యాను, ప్లగ్గు, అన్నీ.
స్కూలు పిల్లలు వచ్చి ఊకె నొక్కిపోతరు,
అదొక్కటే బాధ.
పాత గుంతల నా టెస్టరు పెట్టుకుంట.
ఆడికి మామకు అందదు.

నిన్న రాత్రి వానకు కరెంటు పోయి
రెండింటికి వచ్చింది.
షెడ్డుల బుగ్గ దానంతటదే ఎలిగింది.
మంచం మీదికెల్లి మామ గొంతు ఇనొచ్చింది:
"ఏం లేదు, పండుకో."

ఫోనైతే నా దగ్గరే ఉన్నది.